స్లీప్ అప్నియా ట్రీట్‌మెంట్: గురక వీడియో తియ్యడం నుంచి మాస్క్ కుదిరేదాకా వరసగా ఏం చెయ్యాల

"అన్నా, గురకకి మిషన్ పెట్టుకుంటున్నావంట కదా, యాడ కొన్నావు, ఎంతయింది?" ఈ మధ్య నన్ను చానా మంది ఇదే అడుగుతున్నారు. అందరికీ ఫోన్లో చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. మిషన్ సంగతి తర్వాత చూద్దాం, దానికి ముందు మూడు నాలుగు పనులున్నాయి, అవి వదిలేసి నేరుగా మిషన్ కొన్నోళ్లలో చానా మంది మిషన్లు బీరువా మీదే ఉంటాయి. నాదీ కొన్నాళ్లు అట్లే ఉండింది.

నేను డాక్టర్ని కాను. తిరుపతిలో ఉంటా, నాలుగేళ్ల కింద నిద్ర టెస్ట్‌లో ఏహెచ్ఐ (గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా సన్నగిల్లింది అనే లెక్క) 38 వచ్చింది, ఆక్సిజన్ 74 శాతం దాకా పడిపోయింది. మొదట్లో కొన్ని నెలలు వదిలేసినా, ఆ తర్వాత నుంచి రోజూ రాత్రి సీప్యాప్ (మాస్క్ గుండా గాలి ఒత్తిడి పంపే మిషన్) పెట్టుకునే పడుకుంటున్నా. మందులు, మిషన్ ప్రెషర్, ఆపరేషన్ సంగతి మాత్రం మీ డాక్టరే తేల్చాల.

1. ముందు ఇంట్లో తేల్చుకోండి: ఇది ఉత్త గురకేనా?

గురక పెట్టేవాళ్లందరికీ అప్నియా ఉండదు. నిద్రలో గొంతు వెనక కండలు వదులై, గాలి పోయే దారి మూసుకుపోయి, ఊపిరి పది సెకన్లో అంతకన్నా ఎక్కువో ఆగితే దాన్ని అప్నియా అంటారు. ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర, మళ్లీ మూత. రాత్రంతా ఇదే. పొద్దున మనకేమీ గుర్తుండదు, పక్కన పడుకున్నోళ్లకే తెలుస్తుంది.

అందుకే మొదటి పని వీడియో. మా ఇంట్లో మా ఆవిడే తీసింది, తెల్లారుజామున మూడు గంటలప్పుడు. అందులో నా గురక పెద్దగా వస్తావస్తా టక్కున ఆగిపోతుంది. పొట్ట మాత్రం పైకీ కిందికీ కొట్టుకుంటానే ఉంటుంది, ముక్కు దగ్గర గాలి చప్పుడు లేదు. వెనకాల గోడ గడియారం టిక్కు టిక్కు వినపడతా ఉంటుంది, నేను లెక్కపెట్టా, ఇరవై రెండు. అప్పుడు నీళ్లలో నుంచి పైకి తేలినోడి మాదిరి ఒక్క పెద్ద ఊపిరి, మళ్లీ గురక. ఆ వీడియో చూసినాక "నాకేం కాదులే" అనడం మానేశా.

వీడియో తీసేటప్పుడు:
- శబ్దం ఒక్కటే చాలదు, ఛాతీ, పొట్ట కనపడాల. చిన్న లైట్ వేసుకోండి.
- వెల్లకిలా పడుకున్నప్పుడొకటి, పక్కకు తిరిగినప్పుడొకటి తీయండి.
- తెల్లారుజామున తీస్తే మంచిది, ఆ టైంలో కలల నిద్ర ఎక్కువ, అప్పుడే అప్నియా ముదురుతుంది.
- ఒక్కోటి ఐదు నిమిషాలు చాలు.

తర్వాత ఈ ఎనిమిదింటికీ అవును, కాదు అని నిజం చెప్పుకోండి. డాక్టర్లు దీన్ని స్టాప్ బ్యాంగ్ అంటారు:
- తలుపేసినా బయటికి వినపడేంత గురక ఉందా?
- పగలు అలసట, కునుకుపాట్లు ఉన్నాయా?
- ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
- బీపీ ఉందా, బీపీ మాత్రలు వాడుతున్నారా?
- బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 35 దాటిందా?
- వయసు 50 దాటిందా?
- మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? (టైలర్ టేపుతో కొలవండి)
- మగవాళ్లా?

మూడు అవునులు వస్తే డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే, ఐదు వచ్చినా, దాటినా ఇంకో నెల చూద్దాం అనుకోవద్దు. ఇంకో మాట, మన వాళ్లకి బీఎంఐ 26, 27 ఉన్నా అప్నియా వస్తుంది, మరీ లావు లేను కదా అని వదిలేయకండి. ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయినాక ఇది పెరుగుతుంది, కానీ వాళ్లు గురక గురించి చెప్పరు, నిద్ర పట్టట్లేదు, పొద్దున్నే తలనొప్పి, నీరసం అని చెప్తారు. దాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. అమ్మకి, అత్తకి అట్లా ఉంటే వాళ్ల గదిలో కూడా ఒక రాత్రి వీడియో తీయండి.

స్టీరింగ్ దగ్గర ఒక్కసారైనా కునుకు పడుంటే మాత్రం, ట్రీట్‌మెంట్ కుదిరేదాకా బండి వేరేవాళ్లకి ఇవ్వండి. ఘాట్ రోడ్డులో డ్యూటీ చేసేవాళ్లు, చెన్నై రోడ్డులో రాత్రిళ్లు కార్లు తోలేవాళ్లు, ఇది మీ ఒక్కరి ప్రాణం కాదు.

2. ఎవరి దగ్గరికి, ఏం తీసుకుని పోవాల

ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి పోండి, లేదంటే ఈఎన్‌టీ. తిరుపతిలో అయితే రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో అడగొచ్చు, చిత్తూరు వైపు వాళ్లకి వేలూరు సీఎంసీ దగ్గర. ఎక్కడికి పోయినా ముందు ఫోన్ చేసి "నిద్ర టెస్ట్ మీ దగ్గరే చేస్తారా, ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసేదా, ఇంటికిచ్చి పంపేదా" అని కనుక్కోండి, లేకుంటే ఊరికే ఒక రోజు పోతుంది.

తీసుకుపోవాల్సినవి:
- ఆ వీడియోలున్న ఫోన్, కుదిరితే వీడియో తీసిన మనిషిని కూడా
- వాడే మాత్రల చీటీ, ముఖ్యంగా నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు
- బీపీ, షుగర్, థైరాయిడ్ రిపోర్ట్‌లు (థైరాయిడ్ తక్కువున్నా అప్నియా వస్తుంది, చూపించుకోకపోతే చూడమని అడగండి)
- ఒక వారం పాటు ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, రాత్రి ఎన్నిసార్లు ఒంటేలుకి లేచారు అని రాసిన కాగితం

మందు అలవాటుంటే దాచకండి. రాత్రి రెండు పెగ్గులేసి పడుకుంటే గొంతు కండలు ఇంకా వదులైపోతాయి.

3. స్లీప్ టెస్ట్‌కి రెడీ అవ్వడం

ఇది రెండు రకాలు. ల్యాబ్‌లో పడుకోబెట్టి తలకి, గడ్డానికి, కాళ్లకి వైర్లు అతికించి, ఛాతీకి, పొట్టకి బెల్టులు కట్టి, ముక్కులో చిన్న ట్యూబ్, వేలికి క్లిప్ పెట్టి చేసేది ఒకటి. ఇంటికి చిన్న డబ్బా ఇచ్చి పంపేది ఇంకొకటి. అప్నియా లక్షణాలు గట్టిగా ఉండి, గుండె, ఊపిరితిత్తుల జబ్బు లేనోళ్లకి ఇంటి టెస్ట్ సరిపోతుంది. గుండె జబ్బు, పక్షవాతం వచ్చినోళ్లు, సీవోపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు సన్నబడే దీర్ఘకాల జబ్బు) ఉన్నోళ్లు ల్యాబ్‌లోనే చేయించుకోవాల. ఇంటి టెస్ట్‌లో ఏం లేదని వచ్చి లక్షణాలు మాత్రం అట్లే ఉంటే దాన్ని నమ్మి ఊరుకోకండి, ల్యాబ్ టెస్ట్ అడగండి.

ఆ రోజు చెక్‌లిస్ట్:
- తలంటుకుని పోండి, నూనె పెట్టొద్దు. నూనె తలకి వైర్లు అంటుకోవు, మన వాళ్లందరూ చేసే తప్పు ఇదే. పూలు కూడా వద్దు.
- వేళ్లకి నెయిల్ పాలిష్ తీసేయండి.
- మధ్యాహ్నం నుంచి కాఫీ, టీ బంద్. పగటి నిద్ర బంద్.
- రోజూ వేసుకునే మాత్రలు డాక్టర్ ఆపమంటే తప్ప ఆపొద్దు.
- మీ లుంగీ, మీ దిండు తీసుకుపోండి, కొత్త చోట నిద్ర పట్టాల కదా.

వైర్ల మధ్య నిద్రే పట్టదేమో అని భయం వద్దు, నాకూ మామూలుగా పట్టలేదు, అయినా నాలుగైదు గంటల నిద్రలోనే వాళ్లకి కావాల్సింది దొరికింది. అప్నియా ఎక్కువుంటే కొన్ని చోట్ల సగం రాత్రి టెస్ట్ చేసి, మిగతా సగం మాస్క్ పెట్టి ప్రెషర్ కూడా అప్పుడే చూసేస్తారు.

4. రిపోర్ట్‌లో చూడాల్సినవి

పది పేజీలిస్తారు, బెదిరిపోకండి. ఈ నాలుగు వెతకండి.

ఏహెచ్ఐ అంటే గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా సన్నగిల్లింది అనే లెక్క. ఏడు గంటల నిద్రలో 210 సార్లు అయితే 210ని 7తో భాగిస్తే 30. పెద్దవాళ్లకి 5 లోపు మామూలు, 5 నుంచి 15 తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్య స్థాయి, 30 దాటితే తీవ్రం.

రెండోది ఆక్సిజన్ ఎంతకి పడింది, 90 కింద ఎన్ని నిమిషాలుంది. మూడోది వెల్లకిలా పడుకున్నప్పటి ఏహెచ్ఐ, పక్కకి పడుకున్నప్పటి ఏహెచ్ఐ వేరువేరుగా. నాలుగోది, ఆగినవాటిలో గొంతు మూతపడి ఆగినవెన్ని, సెంట్రల్ అని రాసినవెన్ని. సెంట్రల్ అంటే గొంతు బాగానే ఉన్నా మెదడు నుంచే ఊపిరి ఆర్డర్ రాకపోవడం, అవి ఎక్కువుంటే ట్రీట్‌మెంటే మారిపోతుంది, కింద చెప్పేవన్నీ వర్తించకపోవచ్చు.

5. ఎవరికి ఏ ట్రీట్‌మెంట్

మధ్య స్థాయి, తీవ్రం అయితే మొదట చూడాల్సింది సీప్యాప్. గొంతులోకి మెల్లగా గాలి ఒత్తిడి పంపి దారి మూసుకోకుండా నిలబెడుతుంది, అంతే, అది ఆక్సిజన్ మిషన్ కాదు. ఇంట్లో కరోనా టైంలో కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఉంది కదా అది పెట్టుకోవచ్చా అని ఒకాయన అడిగాడు, వద్దు. మూసుకున్న దారిలో ఆక్సిజన్ పంపినా దారి తెరుచుకోదు.

తక్కువ స్థాయిలో ఉండి పగలు ఇబ్బందేమీ లేకపోతే బరువు, పడుకునే తీరు, ముక్కు దిబ్బడ, మందు తాగే అలవాటు, ఈ నాలుగూ సరిచేసి మళ్లీ టెస్ట్ చేయించుకోవచ్చు. తక్కువ స్థాయే అయినా పగలు నిద్ర తూగుతుంటే, బీపీ ఉంటే సీప్యాప్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి.

నోట్లో పెట్టుకునే పరికరం ఇంకోటి. కింది దవడని కొంచెం ముందుకి లాగి పట్టుకుంటుంది. తక్కువ, మధ్య స్థాయి వాళ్లకి, సీప్యాప్ ఎంత ప్రయత్నించినా కుదరనోళ్లకి. దీనికి పళ్లు గట్టిగా, సరిపడా ఉండాల. పళ్ల అచ్చు తీసి డెంటిస్ట్ చేసిందే వాడాల, ఆన్‌లైన్‌లో వేడినీళ్లలో ముంచి కొరికేది కొనొద్దు. దవడ నొప్పి, పొద్దున పళ్లు సరిగ్గా కలవకపోవడం ఉంటాయి, మిల్లీమీటర్ల లెక్కన సర్దుకుంటా పోవాల. కుదిరినాక అది పెట్టుకునే మళ్లీ స్లీప్ టెస్ట్ చేయించాల, ఈ పని ఎవరూ చెయ్యరు. గురక తగ్గింది కదా అనుకుంటారు. గురక తగ్గినా అప్నియా మిగిలి ఉండొచ్చు.

ఆపరేషన్లు. పిల్లలకైతే టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) తీసేయడమే చానా సార్లు మొదటి ట్రీట్‌మెంట్. పెద్దవాళ్లలో టాన్సిల్స్ మరీ పెద్దగా ఉన్నా, దవడ నిర్మాణం తేడాగా ఉన్నా ఆపరేషన్‌కి అర్థం ఉంది. ముక్కు దూలం సరిచేస్తే మాస్క్ సుఖంగా ఉంటుంది గానీ దానొక్కదానితో అప్నియా పోవడం అరుదు. అంగుటి వెనక మెత్తటి భాగం కోసేసే ఆపరేషన్ అందరికీ పనిచెయ్యదు, కొందరికి కొన్నేళ్లకి తిరిగొస్తుంది, ఇంకో డాక్టర్‌ని కూడా అడిగే నిర్ణయం తీసుకోండి. నాలుక నరానికి చిన్న పరికరం అమర్చే పద్ధతి కూడా ఉంది, 2014లో అమెరికాలో అనుమతొచ్చింది, మన దగ్గర మామూలు మనిషికి అందేంత దగ్గర్లో లేదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ గురించి కూడా అడుగుతున్నారు. టిర్జెపటైడ్ అనే ఆ ఇంజెక్షన్‌కి 2024 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఊబకాయంతో పాటు మధ్య, తీవ్ర స్థాయి అప్నియా ఉన్న పెద్దవాళ్లకి వాడొచ్చని అనుమతిచ్చింది. బరువు తగ్గించడం ద్వారానే పనిచేస్తుంది, నెలలు పడుతుంది. ఇంజెక్షన్ మొదలుపెట్టాం కదా అని మాస్క్ తీసేయొద్దు, డాక్టర్ రాయకుండా తెలిసినోళ్ల దగ్గర తెప్పించుకోవద్దు.

6. మిషన్ కన్నా ముందు మాస్క్

నేను తప్పు చేసింది ఇక్కడే. రిపోర్ట్ చేతికి రాగానే ఒక షాపుకి పోయి మిషన్ కొనేశా. అక్కడ మాస్క్ మీడియం సైజ్ ఒకటే ఉండింది, అందరికీ ఇదే సార్ అన్నాడు. రాత్రి పైనుంచి గాలి లీకై కళ్లలోకి కొట్టేది, ఆ లీక్ ఆపాలని పట్టీలు బిగించేవాణ్ణి, పొద్దునకి ముక్కు దూలం మీద ఎర్రగా పుండు. మూడు వారాలకి విసుగొచ్చి తీసి పైన పెట్టేశా. ఐదు నెలలు పోయాయి. తర్వాత ఇంకోచోట టెక్నీషియన్ ప్లాస్టిక్ కొలత పెట్టి ముక్కు వెడల్పు చూసి చిన్న సైజ్ ఇచ్చాడు, ఆ రాత్రే ఆరు గంటలు నిద్రపోయా. అదే మిషన్, అదే ప్రెషర్.

మాస్క్‌లు మూడు రకాలు. ముక్కు మీద కప్పేది, ముక్కు రంధ్రాల దగ్గర ఆనేది, ముక్కూ నోరూ రెండూ కప్పేది. నోటితో ఊపిరి తీసేవాళ్లు నేరుగా మూడోది తీసుకుంటారు, కానీ ముక్కు దిబ్బడకి మందు వాడి ముక్కు మాస్క్‌తోనే ప్రయత్నించడం మేలు, పెద్ద మాస్క్‌కి లీక్‌లు ఎక్కువ. గుబురు మీసం ఉన్నోళ్లకి రంధ్రాల దగ్గర ఆనేది సరిగ్గా కూర్చోదు.

మాస్క్ పెట్టే పద్ధతి:
- మొహం సబ్బుతో కడిగి తుడుచుకోండి, జిడ్డు, క్రీమ్ ఉండకూడదు.
- మంచం మీద పడుకునే సర్దండి. కూర్చుని సర్దితే పడుకోగానే బుగ్గలు జారి లీక్ అవుతుంది.
- మిషన్ ఆన్ చేసి, మాస్క్‌ని ఒకసారి మొహం మీద నుంచి కొంచెం ముందుకి లాగి వదలండి, మెత్తటి అంచు గాలితో ఉబ్బి తనంతట తను కూర్చుంటుంది.
- అప్పుడు పట్టీలు, రెండు వైపులా సమానంగా. పట్టీ కింద రెండు వేళ్లు దూరాల.
- ఎడమకి, కుడికి తిరిగి చూడండి. కళ్లవైపు గాలి వస్తుంటే పై పట్టీ సర్దాల, కింద పట్టీ బిగిస్తే ప్రయోజనం లేదు.

మాస్క్ ముందు భాగంలో చిన్న చిన్న రంధ్రాల నుంచి గాలి వస్తుంది, అది లీక్ కాదు, మనం వదిలిన గాలి పోయే దారి. దానికి ప్లాస్టర్ వేయకండి, ప్రమాదం.

మిషన్ కొనేముందు అడగండి:
- మాస్క్ కుదరకపోతే మారుస్తారా? కొన్నాళ్లు అద్దెకిస్తారా?
- మామూలు సీప్యాపా, ఆటోనా (ప్రెషర్ తనంతట తనే సర్దుకునేది)? ప్రెషర్ 4 నుంచి 20 దాకా ఉంటుంది, ఎంత పెట్టాలో డాక్టర్ చీటీలో రాయించుకోండి. బైప్యాప్ (ఊపిరి పీల్చేటప్పుడు ఒక ప్రెషర్, వదిలేటప్పుడు ఇంకో ప్రెషర్ ఇచ్చేది) అందరికీ అక్కర్లేదు, ఖరీదు ఎక్కువ కదా మంచిదేమో అని కొనొద్దు.
- రాత్రి రాత్రికి ఏహెచ్ఐ, లీక్, గంటలు చూపిస్తుందా? చూపించనిది వద్దు.
- హ్యుమిడిఫైయర్ (గాలికి తేమ కలిపే నీళ్ల డబ్బా) ఉందా?
- ఇన్సూరెన్స్ వస్తుందా? చానా పాలసీలు మిషన్‌కి ఇవ్వవు.

సెకండ్ హ్యాండ్ కొంటే మోడల్ నంబర్ చూసుకోండి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లోపలి ఫోమ్ పాడవుతోందని తన మిషన్లు లక్షల్లో వెనక్కి పిలిచింది, ఆ పాతవి ఇంకా చేతులు మారే అవకాశం ఉంది.

7. మొదటి రెండు వారాలు

మొదటి రాత్రే ఏడు గంటలు పెట్టుకోవాలని చూడొద్దు. రెండు మూడు రోజులు సాయంత్రం టీవీ చూస్తా పావుగంట, అరగంట పెట్టుకోండి, ముందు గాలి లేకుండా, తర్వాత గాలితో. అలవాటైనాక మధ్యాహ్నం ఒక కునుకు, తర్వాత రాత్రి. రాత్రి మధ్యలో తీసేసినా లేచినప్పుడు మళ్లీ పెట్టుకోండి. ర్యాంప్ అని ఒక బటన్ ఉంటుంది, ప్రెషర్ తక్కువతో మొదలై మెల్లగా పెరుగుతుంది.

ఆసుపత్రుల లెక్కలో రాత్రికి కనీసం నాలుగు గంటలు, పది రాత్రుల్లో ఏడు రాత్రులు వాడితే "వాడుతున్నారు" అంటారు. అది పాస్ మార్కే, మీరు నిద్రపోయినంతసేపూ పెట్టుకోవాల.

8. వచ్చే ఇబ్బందులు, వాటికి విరుగుడు

నోరు ఎండిపోతుంటే నోటి నుంచి గాలి పోతోందని అర్థం. హ్యుమిడిఫైయర్ పెంచండి, ముక్కు దిబ్బడ చూపించుకోండి, అప్పటికీ పోకపోతే గడ్డం పట్టీ లేదా పెద్ద మాస్క్. నోటికి టేపు వేసుకోమని వీడియోల్లో చెప్తున్నారు, అప్నియా ఉన్నోళ్లు ఆ పని చెయ్యొద్దు.

ముక్కు మూసుకుపోతుంటే పడుకునే ముందు సెలైన్ చుక్కలు. దిబ్బడ వెంటనే వదిలించే చుక్కలు వారానికి మించి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది, స్ప్రే ఏదో డాక్టర్‌నే అడగండి.

పొట్ట ఉబ్బి తేన్పులు వస్తుంటే గాలి మింగుతున్నారు. ప్రెషర్ గురించి డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా తగ్గించొద్దు.

ట్యూబ్‌లో నీళ్లు చేరి గరగర అంటుంటే, ఏసీ గదిలో ఇది ఎక్కువ, హ్యుమిడిఫైయర్ ఒక నంబర్ తగ్గించండి, మిషన్‌ని మంచం కన్నా కిందికి పెట్టండి, ట్యూబ్‌ని దుప్పటి కిందగా తీసుకురండి.

ఊపిరాడట్లేదు అనిపిస్తే భయపడి తీసేస్తారు, చానా సార్లు అది ప్రెషర్ మరీ తక్కువై కూడా ఉండొచ్చు. మిషన్‌లో రాత్రి నంబర్లు ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి.

9. నీళ్లు, శుభ్రం, కరెంటు

తిరుపతి బోరు నీళ్లు పోస్తే నాలుగు రోజులకే నీళ్ల డబ్బాలో తెల్ల పొర కట్టేస్తుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి. దొరక్క ఎప్పుడైనా తప్పకపోతే ఫిల్టర్ నీళ్లు బాగా మరిగించి చల్లార్చి పోయొచ్చు. పొద్దున మిగిలిన నీళ్లు పారబోసి డబ్బా ఆరబెట్టండి, నిన్నటి నీళ్లు వాడొద్దు.

- రోజూ: మాస్క్ అంచు తడిగుడ్డతో తుడవడం.
- వారానికోసారి: మాస్క్, ట్యూబ్, డబ్బా గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టడం. డెట్టాల్, స్పిరిట్, ఎండ వద్దు, సిలికాన్ గట్టిపడి చీలుతుంది.
- రెండు వారాలకోసారి: ఫిల్టర్ చూడడం. రోడ్డు పక్క ఇళ్లలో దుమ్ముకి త్వరగా నల్లబడుతుంది, నల్లబడితే మార్చేయండి.
- ఆరు నెలల లోపు: మాస్క్ మెత్తటి అంచు మార్చడం.

కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది, అప్పుడు నోరూ ముక్కూ కప్పే మాస్క్ పెట్టుకున్నోళ్లు వెంటనే తీసేయండి. ఇన్వర్టర్‌కి కలిపితే సైన్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుండాల, కరెంటు లేనప్పుడు హ్యుమిడిఫైయర్ వేడి ఆపేస్తే బ్యాటరీ చానాసేపు వస్తుంది. ఊరికి పోయేటప్పుడు, కొండ మీద గది తీసుకున్నా సరే, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ సంచిలో పెట్టుకోండి, ప్లగ్ మంచం దగ్గర ఉండదు.

10. మిషన్‌తో పాటు చెయ్యాల్సినవి

బరువు పది శాతం తగ్గితే ఏహెచ్ఐ దాదాపు పాతిక శాతం తగ్గుతుందని అధ్యయనాల్లో తేలింది. నేను తొమ్మిది కిలోలు తగ్గా, ప్రెషర్ అవసరం 12 నుంచి 9కి వచ్చింది. రాత్రి పది గంటలకి సంగటి ముద్దలు రెండు తినే అలవాటు మాని ఏడున్నరకి ఒక ముద్ద, ఆకుకూర పప్పు, అంతే చేశా. అలిపిరి మెట్లెక్కడం మంచిదే గానీ 3550 మెట్లు, ట్రీట్‌మెంట్ మొదలవ్వకముందే, బీపీ అదుపులో లేకుండా ఎక్కేయకండి, ముందు ఇంటి చుట్టూ రోజూ అరగంట నడవండి.

వెల్లకిలా పడుకున్నప్పుడే అప్నియా ఎక్కువని రిపోర్ట్‌లో ఉంటే, పాత బనియన్ వెనక జేబు కుట్టి టెన్నిస్ బంతి పెట్టి వేసుకోండి, తిరగబోతే గుచ్చుకుని పక్కకి వస్తారు. తల వైపు మంచాన్ని కొంచెం ఎత్తు చేసినా ఉపయోగమే.

11. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాల

మిషన్ మొదలుపెట్టిన వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి, ఆపైన ఏడాదికోసారి. పోయేటప్పుడు మిషన్‌లో చిప్ ఉంటే తీసుకుపోండి. చూడాల్సినవి మూడే, మిషన్ చూపించే ఏహెచ్ఐ 5 లోపు ఉందా, లీక్ ఎక్కువుందా (రెస్‌మెడ్ కంపెనీ మిషన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ), ఎన్ని గంటలు వాడుతున్నారు. అన్నీ బాగుండి కూడా పగలు నిద్ర వస్తుంటే వేరే కారణం వెతకమనండి.

బీపీ మాత్రలు వాడేవాళ్లు ఇంట్లో బీపీ చూసుకుంటా ఉండండి, కొందరికి ట్రీట్‌మెంట్ కుదిరినాక తగ్గుతుంది, మాత్రల డోసు మార్చేది డాక్టరే. బరువు పది శాతం పెరిగినా తగ్గినా మళ్లీ టెస్ట్.

ఏ ఆపరేషన్‌కి పోయినా, కంటి ఆపరేషన్‌కైనా సరే, నాకు అప్నియా ఉంది అని మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి. అడ్మిట్ అయ్యేటప్పుడు బట్టల సంచితో పాటు మిషన్, మాస్క్ కూడా తీసుకుపోండి, ఆపరేషన్ అయినాక మత్తులో ఉన్న రాత్రే అది ఎక్కువ అవసరం.